తెలుగుకు మూడు నొక్కండి

"ఆ ఫోను పక్కన పెట్టు యోగితా. ముందు కాపి తాగు," అన్నాడు రఘురామన్. పొద్దుటి నుంచి ఆ మాట అనడం అది మూడోసారి.

యోగిత ఫోను పెట్టలేదు, కాపి ముట్టలేదు. ఐదు రోజులు కంపెనీకి ఈమెయిలు మీద ఈమెయిలు కొట్టి తెప్పించుకున్న రికార్డింగు అది. పదినెలల కిందట అవ్వకు కొత్త ఆరోగ్య పాలసీ రాసినప్పుడు కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి అడిగిన ప్రశ్నలూ, అవ్వ చెప్పిన జవాబులూ అందులో ఉన్నాయి. ఆ జవాబులు చూపించే, "ఉన్న రోగాలు తెలిసి దాచారు, క్లెయిము చెల్లదు" అని మొన్న సోమవారం ఉత్తరం పంపారు. ఇవాళ శనివారం. అవ్వకు గుండె ఆపరేషను ఎల్లుండి. అప్పీలు చేసుకునేది ఉంటే ఈ సాయంత్రం నాలుగు లోపల కాగితాలు బ్రాంచిలో ఇవ్వాలి.

"నువ్వేమిటికి అడ్డం పడేది మామా?" కల్యాణసుందరి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "మా అమ్మ అబద్ధం చెప్పిందంటాండారు. అదేమి అబద్ధమో విననీ."

కల్యాణసుందరికి రఘురామన్ మొగుడు కాకముందే మేనమామ. ఆసుపత్రిలో ఉన్న నాగమ్మాళ్ ఈమెకు కన్నతల్లి, ఆయనకు తోడబుట్టిన అక్క, వాళ్ళ కూతురు యోగితకు అవ్వ. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయినా సుందరి నోట "ఏమండీ" రాలేదు. గౌను తొడుక్కున్న నాటి "మామా, నువ్వు" అలాగే ఉండిపోయింది. పీళమేడు చుట్టాలు ఎగతాళి చేసి చేసి అలిసిపోయారు గాని ఆమె మానలేదు.

"విని ఏమయ్యేది సుందరీ? కంపెనీవాండ్లు రాసేది రాసేసినారు. అప్పీలు నేను చూసుకుంటాను."

"ఐదు దినాలుగా చూసుకుంటానే ఉండావు."

ఆ ఐదు రోజులూ చూసుకున్నది సుందరే. టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి, దొరికిన ప్రతి మనిషితోనూ పోట్లాడింది. "మా ఇంటాయన మీ కంపెనీకే ఇరవై రెండేళ్ళుగా ఏజెంటు. ఆయన రాసిన పాలసీలో తప్పు ఉంటాదా?" అని ఆమె అరుస్తుంటే, రఘురామన్ పక్క గదిలో కూర్చుని గోడకేసి చూస్తూ విన్నాడు. పెళ్ళాం వెనకేసుకొస్తుంటే ఏ మగవాడికైనా ధైర్యం రావాలి. ఈయనకు సిగ్గు వచ్చింది. లేచి వెళ్ళి ఆ ఫోను ఆపించడానికి మాత్రం కాళ్ళు రాలేదు.

యోగిత మీట నొక్కింది.

ముందు యంత్రం గొంతు వచ్చింది. తమిళానికి ఒకటి, ఇంగ్లీషుకు రెండు అని ఆ భాషల్లోనే చెప్పి, చివర "తెలుగుకు మూడు నొక్కండి" అంది. వెంటనే నాగమ్మాళ్ గొంతు. "అదో, మన భాషలో మాట్లాడతారంట." ఆ పైన మీట నొక్కిన చప్పుడు.

"చూస్తివా, మూడు నొక్కేసింది," అంది సుందరి, ముఖం కాస్త విప్పారి.

నాగమ్మాళ్ డెబ్బై ఏళ్ళూ తమిళదేశంలో, కారమడైలోనే గడిపిన మనిషి. మొగుడు పోయాక కరివేపాకు తోట ఒక్కతే చూసుకుంటోంది. ఇంట్లో తెలుగే మాట్లాడినా, చదివిన మూడు తరగతులూ తమిళమే. తెలుగు అక్షరం ఒక్కటీ గుర్తు పట్టలేదు. కానీ బయటి మనిషి ఎవరైనా తెలుగులో పలకరిస్తే పుట్టింటి నుంచి ఎవరో వచ్చినంత సంబరం ఆమెకు.

"నమస్కారమండీ. నాగమ్మాళ్ గారేనా మాట్లాడేది? మీ పాలసీ గురించి కొన్ని వివరాలు నిర్ధారించుకోవాలండీ," అంది రికార్డింగులో ఎవరో అమ్మాయి.

"అడుగు తల్లీ. నువ్వు ఏ ఊరిదానివి? రొంబ బాగా మాట్లాడతాండావు."

"హైదరాబాదండీ. మీకు రక్తపోటు ఉందాండీ?"

"రక్తమా? లేదు తల్లీ. రక్తమేమీ పోలేదు. మూలం గీలం కూడా లేదు నాకు."

"సరేనండీ, రక్తపోటు లేదు. మధుమేహం ఉందాండీ?"

అక్కడ నాగమ్మాళ్ ఆగింది. వెనక మిక్సీ గుర్రుమంది. ఆ చప్పుడు ఆగేదాకా మాటలేమీ తెలియలేదు. తర్వాత ఆమె గొంతు మళ్ళీ వచ్చింది, కాస్త కోపంగా.

"లేదు. మా కుడుంబంలోనే అట్లాంటిది లేదు తల్లీ. మా ఇంటాయన దేవుడు మాదిరి మనిషి. రంగనాథుని తోడు."

"థాంక్యూ అండీ," అంది ఆ అమ్మాయి, మధ్యలో ఇంటాయన ఎందుకొచ్చాడో అర్థం కాని గొంతుతో. రికార్డింగు అంతే.

రక్తపోటు, మధుమేహం. ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనని మాటలు. వాళ్ళ తెలుగులో అవి ప్రెషరు, సక్కర. పదకొండేళ్ళుగా నాగమ్మాళ్ పొద్దున ప్రెషరు మాత్ర, మాపున సక్కర మాత్ర వేసుకుంటోందని తోటలో ఆకు కోసే ఆడవాళ్ళకు కూడా తెలుసు. పాపం, రక్తపోటు అంటే మొలల్లో రక్తం పోవడం అనుకుంది. మేహం అంటే ఆమె ఎరిగిన అర్థం ఒక్కటే, ఊరి మీద తిరిగే మగవాళ్ళు ఇంటికి మోసుకొచ్చే చెడ్డ జబ్బు.

సుందరి ముందు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది.

"పావం మా అమ్మ. ఇది దాచేదా మామా, నువ్వే చెప్పు. అర్థం కాక చెప్పింది గదా." కళ్ళు తుడుచుకున్నాక మళ్ళీ కోపం వచ్చింది. "ఏదో వాండ్ల తెలుగులో అడిగేసి, మేము దాచినామంటే ఎట్ల? అప్పీల్లో ఇదే రాద్దాం." అంతలో ఏదో గుర్తొచ్చి ఆయన వైపు తిరిగింది. "ఆ దినం నువ్వూ కారమడైలోనే ఉంటివి గదా. నువ్వు పక్కన ఉంటే సరిగ్గా చెప్పించి ఉంటావే."

టీవీ పక్కన కంపెనీ ఇచ్చిన షీల్డు తళతళలాడుతోంది. సుందరే రోజూ తుడుస్తుంది దాన్ని.

"నేను బయట ఉంటిని సుందరీ. బండి దగ్గర."

"అదే అనుకుంటిని," అంది సుందరి, ఇంకో మాట లేకుండా.

దొంగకు తేలు కుట్టినట్టంటారు. ఆయనకు కుట్టింది ఆ నమ్మకం. అరిచే వీలు లేదు.

యోగిత ఇంకా ఫోను వంకే చూస్తోంది. గాంధీపురంలో వినికిడి మిషన్లు అమర్చే క్లినిక్‌లో ఆమెకు ఉద్యోగం. ఎవరికి ఏ చప్పుడు వినబడుతుందో, ఏది వినబడదో తేల్చడమే రోజూ పని.

"అప్పా, ఆ మిక్సీ సద్దు కింద ఎవరో మాట్లాడతాండారు," అంది. "ఆరు సెకండ్లు. ఫోన్ స్పీకర్లో తెలీదు. క్లినిక్‌లో నాయిస్ తీసేసి వినొచ్చు. పోయి వస్తాను."

"ఏమిటికి? పక్కింటి ఆరాయి అయి ఉంటాది."

"అది ఆడగొంతు కాదప్పా," అంది యోగిత. చెప్పులు వేసుకునేటప్పుడు తండ్రి ముఖం చూడలేదు.

*

కంపెనీ మీద రఘురామన్ కోపంలో న్యాయం లేదని ఎవరూ అనలేరు. అది చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినట్టవుతుంది.

నిరుడు కంపెనీ ఒక రూలు తెచ్చింది. అరవై దాటిన వాళ్ళ పాలసీని ఏటేటా పొడిగించినందుకు ఏజెంటుకు వచ్చే కమిషన్ పదిహేను శాతం నుంచి రెండుకు దిగింది. కొత్త పాలసీకి మాత్రం ఇరవై. పైగా మూడు నెలలకు పది కొత్త పాలసీలు రాయని ఏజెంటు దగ్గరి పాత కస్టమర్లను కంపెనీ తన కిందికి లాక్కుంటుంది. అసలు ఏజెంటు అవసరం ఎవరికి? ముసలివాళ్ళకే. కాగితం అర్థం కానిది వాళ్ళకే, ఆసుపత్రిలో పక్కన మనిషి కావలసిందీ వాళ్ళకే. పళని కొండ మెట్ల మీద పడి తుంటి విరిగిన నల్లసామి అనే ముసలి కస్టమరు కోసం రఘురామన్ మూడు రోజులు పళనిలోనే ఉండిపోయాడు ఒకసారి. ఇప్పుడు ఆ పనికి బస్సు చార్జీ కూడా గిట్టదు.

రూలు వచ్చిన వారం ఏజెంట్లందరూ గాంధీపురంలో ఒక కాపి కడ బెంచీల మీద కూడి కంపెనీని కడుపారా తిట్టుకున్నారు. తిట్లు అయిపోయాక, వాళ్ళ మీద డెవలప్‌మెంట్ ఆఫీసరుగా ఉన్న లక్ష్మణన్ గొంతు తగ్గించి దారి చెప్పాడు. పాత పాలసీకి ప్రీమియం కట్టించకుండా వదిలెయ్యి, అదే మనిషికి కొత్తది రాయి. కస్టమరుకు తేడా తెలియదు.

తేడా రఘురామన్‌కు తెలుసు. నాగమ్మాళ్ పాత పాలసీ పద్నాలుగేళ్ళది. దాని మీద ఏ జబ్బుకైనా కంపెనీ మాట్లాడకుండా ఇచ్చి తీరాలి. కొత్తదాంట్లో ఉన్న జబ్బులు ముందే చెప్పాలి. చెబితే వైద్య పరీక్షలు, నెల రోజులు. అప్పటికి సెప్టెంబరు ముగియడానికి మూడే రోజులు ఉన్నాయి. తొమ్మిది కొత్త పాలసీలు అయ్యాయి, పదోది దొరకలేదు. బండి తీసి కారమడై వెళ్ళి, అక్క చేత కొత్త పాలసీ కాగితాల మీద సంతకం పెట్టించాడు.

కంచే చేను మేసింది.

ఫోనులో ఆ అమ్మాయి అడిగిన రెండు మాటలకూ అర్థం ఆయనకు తెలుసు. కంపెనీ సభకు విజయవాడ వెళ్ళినప్పుడు నేర్చుకున్నాడు.

అదే కాపి కడలో ఇప్పుడు లక్ష్మణన్ ఎదురు చూస్తున్నాడు. బయట క్రాస్‌కట్ రోడ్డంతా మన ఆషాఢం మాదిరి ఆడిమాసం డిస్కౌంటు జనం. బట్టల సంచుల మధ్య దూరుకుంటూ వచ్చి రఘురామన్ కూర్చోగానే ఒక కాగితం ముందుకు జరిగింది.

"ఏజెంటు వాక్కుమూలం," అన్నాడు లక్ష్మణన్. "రెండే లైన్లు. కస్టమరుకు ఉండే రోగాలు నాకు తెలీవు, ఆమె నాతో చెప్పలేదు. కింద సైను పెట్టు."

"ఆమె నా అక్క లక్ష్మణా. ఆమె మాత్రలు నేనే కొనిస్తాను."

"అది కంపెనీకి తెలుసునా?"

రఘురామన్ కాగితం వైపు చూశాడు. తమిళంలో చక్కగా టైపు చేసి ఉంది. పేరు కింద చుక్కల గీత.

"నిజం రాస్తే?"

"ఏమి నిజం?"

"ఫోన్ వచ్చినప్పుడు నేను పక్కనే ఉంటిని. ఆమె నన్ను అడిగింది. లేదని చెప్పమంటిని."

లక్ష్మణన్ అటూ ఇటూ చూశాడు. ఇరవై ఏళ్ళ స్నేహితుడు. చెడ్డవాడని చెప్పడానికి లేదు. అతనికీ పైన ఒకడున్నాడు, ఆ పైవాడికి ఇంకొకడు.

"రాస్తే నీ ఏజెంటు కోడు రద్దు. నాలుగు నూర్ల మంది కస్టమర్లు ఒక దినంలో పోతారు. పీళమేడులో తల ఎత్తుకోని తిరగలేవు. ఏజెంటు తప్పు అనేసి తెలిస్తే అక్క పాత పాలసీని మళ్ళీ బతికించే అధికారం అప్పీలు ఆఫీసరుకు ఉండాది, లేదనను. బతికిస్తాడో లేదో ఎవరికి తెలుసు?" కాపి గ్లాసు తిప్పుతూ ఆగాడు. "రూలు చేసినది నువ్వా, నేనా? ముసలివాండ్లని చూసుకుంటే కాసు లేదు, కొత్తది రాస్తే కాసు అనేసి వాండ్లు గదా రాసినారు. మనమేమిటికి తల వొంచుకోవాల?"

పది నెలలుగా రఘురామన్ తనకు తాను చెప్పుకున్న మాట అదే. స్నానం చేస్తూ, బండి నడుపుతూ, సుందరి పక్కన పడుకుని. ఇంకొకరి నోట వింటే అది ఇంత నీచంగా ఉంటుందని తెలియలేదు. షీల్డు తీసుకున్న రోజు వేదిక మీద చప్పట్లకు దండం పెట్టిన చేతులు ఇవే. వాటిని బల్ల కిందికి లాక్కున్నాడు.

"అక్కను చూసినాక పెడతాను," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

లక్ష్మణన్ బలవంతం చేయలేదు. అదే వింతగా ఉంది.

"సరి, విడు. నువ్వు పెట్టకపోయినా పని జరిగిపోతాది. పోయి అక్కను చూడు పో."

*

నాగమ్మాళ్ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. కుడిచేతికి సూది గుచ్చి సీసా తగిలించారు. మంచం పక్కన బల్ల మీద ఆపిల్ పండ్ల సంచి ఉంది. అది తమ ఇంటి నుంచి వచ్చినది కాదు.

"రామూ, తింటివా?" అంది, తమ్ముణ్ణి చూడగానే. యాభై నాలుగేళ్ళ తమ్ముణ్ణి ఆమె అడిగే మొదటి మాట ఎప్పుడూ అదే. తల్లి పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు.

"తింటినక్కా," అన్నాడు. పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా తాగలేదు.

స్టూలు లాక్కుని కూర్చుంటుంటే ఆమె ఎడమ బొటనవేలు కంటబడింది. వేలి కొసంతా నీలం సిరా. తుడవడానికి చూసినట్టుంది, గోరు చుట్టూ పాకింది.

"అదేమక్కా వేలికి?"

ఆమె వేలు దాచుకోబోయి మానుకుంది.

"పొద్దున లక్ష్మణన్ వచ్చినాడు. పండ్లు తెచ్చినాడు, పావం. రాము కోడు పోతాదక్కా, వాడి మానం పోతాది అన్నాడు. ఒక కాగితం చదివి చూపించినాడు. ప్రెషరు, సక్కర ఉండేది నేనే దాచితిని, నా తమ్ముడికి తెలీదు అనేసి. ఈ చెయ్యి సూదితో ఉండాది గదా, సైను రాలేదు. ఎడం చేత్తో కైనాట్టు పెట్టేస్తిని."

కైనాట్టు అంటే వేలిముద్ర. ఊళ్ళో ఎవరినైనా చదువురానివాడని తిట్టాలంటే ఆ మాటే అంటారు. మూడు తరగతులు చదివి, నాగమ్మాళ్ అని గుండ్రంగా సంతకం చేయగలనని గర్వపడే ఆడది తమ్ముడి కోసం కైనాట్టు పెట్టింది.

విన్న మొదటి క్షణంలో రఘురామన్‌కు కలిగినది దుఃఖం కాదు. అమ్మయ్య అనిపించింది. తాను ఏమీ రాయనక్కరలేదు, ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు, పని అయిపోయింది. ఆ మరుక్షణం తన మనసు అన్న మాట తనకే వినబడింది. జీవితంలో ఏనాడూ ఆయన అంతగా సిగ్గుపడలేదు.

"అట్ల పెడితే క్లెయిము రాదక్కా. ఇంకేమీ రాదు."

"రాకపోతే పోనీ. తోట ఉండాది గదా. పక్క తోట ఆండియప్ప కొంటాననేసి ఎన్నాళ్ళుగానో అడగతాండాడు, ఇచ్చేద్దాం. నాకేమిటికి ఇంకా ఆకూ, తోటా." ఆమె దుప్పటి సరిచేసుకుంది. "తప్పు నాదే రామూ. తమిళ్‌లో అడిగి ఉంటే సరిగ్గా చెప్పి ఉంటా. మన భాష అనేసి ఆశపడి మూడు నొక్కితిని."

కిటికీ అవతల అంబులెన్సు ఒకటి వచ్చి ఆగింది.

"ఒకటి అడగతాను, కోపం వద్దు," అంది నాగమ్మాళ్. "మేహం అంటే సక్కర అనేసి నర్సమ్మ ఇప్పుడు చెప్పింది. ఆ దినం నేను నిన్ను అడిగితిని. నువ్వు లేదని చెప్పమంటివి. నీకూ నా మాదిరే అర్థం కాలేదు గదా?"

అర్థం కాలేదక్కా అంటే చాలు. ఆమె నమ్ముతుంది. నమ్మడానికి సిద్ధంగా కూర్చుని ఉంది.

"అర్థమయిందక్కా," అన్నాడు రఘురామన్. "నాకు తెలుసు. తెలిసే చెప్పమంటిని. పది పాలసీలు కావాల్సి ఉండె. నీది పదోది."

నాగమ్మాళ్ తమ్ముణ్ణి చూసింది. ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె సిరా అంటిన వేలిని మెల్లగా కొంగులోకి ముడుచుకుంది.

"సరి," అంది చివరికి. "సుందరికి చెప్పద్దు."

తలుపు దగ్గర సుందరి టిఫిన్ క్యారియరుతో నిలబడి ఉంది, వెనక యోగిత. వాళ్ళు ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలియదు. సుందరి ముఖంలో మాత్రం తేడా లేదు. వస్తూనే తల్లి నుదురు తాకి చూసి, క్యారియరు బల్ల మీద పెట్టింది. ఆమెకు ఏమీ వినబడలేదని ఆయనకు అర్థమైంది.

యోగిత వచ్చి తండ్రి ఒళ్ళో హెడ్‌ఫోను పెట్టింది. ఫోను కూడా పెట్టింది.

"నేను వింటినప్పా," అంది, ఆయనకు మాత్రమే వినబడేలా. "అమ్మకు చెప్పలేదు. నువ్వే ఇయ్యి."

కూతురి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. క్లినిక్ నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఇక్కడికి బస్సులో ఆ మాటలు మోసుకుంటూ, తల్లి పక్కనే కూర్చుని వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల చేయవలసిన పనేనా అది?

రఘురామన్ లేచాడు. తన చేతులతోనే హెడ్‌ఫోను సుందరి చెవులకు పెట్టాడు. "ఏమి మామా ఇది?" అని ఆమె నవ్వబోయింది. ఆయన మీట నొక్కాడు.

ఆరు సెకండ్లు. మిక్సీ చప్పుడు తీసేశాక మిగిలినది రెండే మాటలు. "రామూ, ఈ పిల్ల ఏదో మేహం అంటాది, ఏం చెప్పేది?" అనేది ఒకటి. "లేదని చెప్పక్కా, చెప్పేసి పెట్టేయ్," అనేది రెండోది. ఆ గొంతు సుందరికి గౌను తొడుక్కున్న నాటి నుంచి తెలుసు.

ఆమె రెండోసారి విన్నది. తర్వాత హెడ్‌ఫోను తీసి, తీగ చుట్టి, కూతురి చేతికి ఇచ్చింది.

"బండి దగ్గర ఉంటినంటివే," అంది.

"సుందరీ..."

"వాడినేమీ అనవద్దు," అంది నాగమ్మాళ్ మంచం మీద నుంచి. "నేనే దాచితిననేసి కైనాట్టు పెట్టేసినాను. అయిపోయింది."

సుందరి తల్లి వైపు తిరిగింది. కొంగులోంచి ఆమె చెయ్యి బయటికి లాగి, వేలు చూసింది. తన పైటకొంగు మంచినీళ్ళతో తడిపి, ఆ సిరా తుడవసాగింది. అది పోలేదు. గోడ గడియారం రెండుంబావు చూపిస్తోంది.

"ఏజెంట్ సార్," అంది సుందరి.

ఎవరిని పిలుస్తోందో రఘురామన్‌కు మొదట అర్థం కాలేదు. గదిలోకి ఇంకెవరైనా వచ్చారేమోనని తలుపు వైపు చూశాడు.

"మా అమ్మ పాలసీ మీ కిందనే గదా ఉండేది?" ఆమె తల ఎత్తలేదు, వేలు తుడుస్తూనే ఉంది. "ఈమె వేలిముద్ర ఉండే కాగితం మీ ఆఫీసులో ఉండాదంట. నాలుగు లోపల మీరు దాన్ని వెనక్కి తీసుకోవాల. మీరు ఏం చేసినారో అది రాసి ఇయ్యాల. రాసినది నాకు చూపించండి. మిగతాది దాని తర్వాత."

యాభై ఏళ్ళ ఆడది ఆమె. పుట్టి మాట నేర్చినప్పటి నుంచి ఇంత పొడుగు మాట ఎప్పుడూ ఒక్క "మామా" అయినా లేకుండా ఆయనతో అనలేదు.

రఘురామన్ జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. చుక్కల గీత మీద సంతకం లేదు. వెనక వైపు తెల్లగా ఉంది. పెన్ను కోసం చొక్కా తడుముకున్నాడు. ఇరవై రెండేళ్ళలో ఏనాడూ పెన్ను లేకుండా ఇల్లు కదలని మనిషి, ఇవాళ మరిచిపోయి వచ్చాడు. యోగిత తన సంచిలోంచి ఒకటి తీసి అందించింది.

బయట కూర్చుని రాయడానికి కాగితం, పెన్ను పట్టుకుని తలుపు దాకా నడిచి ఆగాడు. వెనక క్యారియరు గిన్నెలు విప్పుతున్న చప్పుడు, "ఒక ముద్ద తినమ్మా" అంటున్న సుందరి గొంతు. ఇంకొక్క పిలుపు కోసం ఆయన నిలబడ్డాడు. అది రాలేదు.